తప్పిన పేపరు

మైకు ఒకసారి కీచుమని ఊరుకుంది. "వన్, టూ, త్రీ" అన్నాడు మైకు సెట్టు మనిషి, మళ్ళీ "వన్, టూ, త్రీ" అన్నాడు, ఇతనికి నాలుగు దాకా రాదేమో అనుకుంది అలివేలుమంగ, అనుకున్న మరుక్షణమే నాలుక కరుచుకుంది, ఎవరికి ఎంతవరకు వచ్చో తేల్చే అర్హత ఈ పూట తనకు లేదు. పురసవాక్కంలోని ఈ కళ్యాణ మండపానికి నలభై ఏళ్ళుగా వస్తూనే ఉంది, ఎప్పుడూ ఐదో వరసలోనో ఆరో వరసలోనో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ చీరలు చూసుకునేది, ఇవాళ మాత్రం ముందు వరసలో గులాబీరంగు గుడ్డ తొడిగిన కుర్చీ, కుర్చీ వీపుకు పిన్ను పెట్టిన కాగితం, కాగితం మీద ఆమె పేరు, పేరు తర్వాత బి.ఏ. ఆ రెండు అక్షరాలకు వీపు ఆనించాలంటే ఒళ్ళు జంకుతోంది. అందుకే నిటారుగా కూర్చుంది, చూసినవాళ్ళు అరవై ఏడేళ్ళకు నడుము ఎంత గట్టిగా ఉందో అనుకుంటారు, అనుకుంటే అనుకోనీ. పక్క కుర్చీలో పంకజం, తోడికోడలు, ఇంటికి పెద్దకోడలు, తనకంటే నాలుగేళ్ళు ముందు ఆ ఇంట్లో కాలు పెట్టిన మనిషి. ఆమె కుర్చీకి కాగితం లేదు. ఈ ఊరి తెలుగువాళ్ళ సంఘం కార్యదర్శి కోదండరాం మొహమాటానికి తెచ్చి కూర్చోబెట్టాడు. "పెద్దామెను ఒంటిగా వెనకాల కూసోబెడతామా, ఈడ కూసోండమ్మా" అన్నాడు. పంకజం కూర్చుని, చేతిసంచిలోంచి మరువం కలిపిన మల్లెపూల మూర తీసి, సగం తుంచి, అడగకుండానే అలివేలు కొప్పులో గుచ్చింది. "నీ సన్మానం ఎప్పుడంట?" అంది. "పిలకాయల డాన్సు అయినాక" అంది అలివేలు. ఎన్ని డాన్సులో తెలియదు. ఎన్ని ఉంటే అంత మంచిది.

వేదిక పక్కన గోడకు ఆ ఫ్లెక్సీ వేలాడుతోంది, నిలువెత్తుది, పైన తమిళంలోనూ కింద తెలుగులోనూ 'మన సంఘంలో ఆడవారి చదువు' అని. పదేళ్ళకొక నిలువు పట్టీ. యాభైల పట్టీ మొత్తం బూడిదరంగు, అరవైలలో సన్నని పసుపు గీత, డెబ్బైలలో పసుపు కాస్త లావెక్కి దాని నెత్తిన ఒకే ఒక ఎర్రచుక్క, ఎనభైల నుంచి ఎరుపు పాకుతూ పోయి, తర్వాత నీలం, తర్వాత ఆకుపచ్చ, చివరి పట్టీలో బూడిదరంగు వెతికినా దొరకదు, అందరూ ఇంజినీర్లూ డాక్టర్లూ. డెబ్బైలలోని ఆ ఎర్రచుక్క తనే. చుక్క నుంచి ఒక బాణం, బాణం చివర తన పెళ్ళి ఫోటో, కింద తెలుగులో 'మొదటి పట్టభద్రురాలు, 1979'. ఆ మాట అదేనని ఫ్లెక్సీ తయారుచేసిన శ్రీప్రియ చెప్పింది కనక తెలుసు, తను కూడబలుక్కోవాలంటే సాయంత్రం అవుతుంది. పసుపు అంటే బడి చదువు, ఎరుపు అంటే డిగ్రీ, బూడిదరంగు అంటే చదువు లేనివాళ్ళు. ఆ రంగు మీద చిన్న చిన్న అక్షరాలతో పేర్లు, డెబ్బైల పట్టీలో తొమ్మిదో పేరు పంకజం. పేర్లన్నీ తమిళంలో వేశారు, అందుకే అలివేలు చదవగలిగింది. పంకజానికి తమిళం రాదు, అందుకే తన పేరు అక్కడ ఉందని ఆమెకు తెలియదు. ఇందాక ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి, "రంగులు బాగుండాయి అలివేలూ" అని మెచ్చుకుంది కూడా.

శ్రీప్రియ కోదండరాం కూతురు, స్టాటిస్టిక్స్‌లో ఎం.ఎస్సీ. రెండో ఏడు. రెండు నెలల కింద గుడ్డసంచి భుజాన వేసుకుని, కనబడిన ప్రతి అవ్వనూ తమిళంలో పాటీ అని పిలుస్తూ ఇంటింటికీ తిరిగింది. "పాటీ, మీ ఇంట్లో పాత పెళ్ళి పత్రికలు ఉందా? డిగ్రీ అంతా అందులోనే వేస్తారు కదా, నాకు అదే డేటా" అంది. పిల్ల అన్నదాంట్లో అబద్ధం లేదు. ఈ తమిళ ఊళ్ళో పెళ్ళి పత్రికలో పేరు వెనక చదువు లేకపోతే ప్రెస్సువాడే ఊరుకోడు. వరుడు ఎం.కాం. అయితే వధువుకు ఎస్.ఎస్.ఎల్.సి. అయినా ఉండాలి, అదీ లేకపోతే టైపు లోయరు పాసైనట్టు వేసినవాళ్ళున్నారు, ఏదో ఒకటి ఉండాలి, బోడి పేరు వేస్తే పిల్లకు పుట్టింటివాళ్ళు అన్నం పెట్టలేదన్నట్టు చూస్తారు. అదే తడ దగ్గర సరిహద్దు దాటి నాయుడుపేట పోతే ఆ రోజుల్లో ఈ వాడుక లేదు. అక్కడ పేరు ముందు చి.ల.సౌ., పేరు వెనక ఖాళీ, కలెక్టరు కూతురైనా అంతే. పంకజం పత్రిక నాయుడుపేటలో అచ్చయింది. శ్రీప్రియ ఆ ఖాళీని సున్నా అనుకుంది. పెట్టె అడుగు నుంచి రెండు పత్రికలూ తీసి ఇచ్చింది పంకజమే, దుమ్ము దులిపి మరీ. సున్నా కాదమ్మా, ఈమె ఎస్.ఎస్.ఎల్.సి. పాసైన మనిషి అని చెప్పవలసిన అలివేలు ఆ పిల్లకు కాఫీ ఇచ్చి, చక్కెర చాలా అని అడిగింది.

పాట మొదలైంది. ఏడుగురు పిల్లలు, పచ్చ పావడాలు, అందరూ కుడికి తిరిగితే ఒక పిల్ల ఎడమకు తిరుగుతోంది, వెనక వరసల్లో నవ్వులు, "ఆ పాప తప్పుతుండాది చూడు" అంది ఎవరో. తప్పుతుండాది. నాన్న ఫెయిలు అనేవాడు కాదు, "పోయినసారి తెలుగు తప్పింది, ఈసారి తప్పదు" అనేవాడు. నాన్న గోపాలస్వామి, హార్బరు ఆఫీసులో గుమాస్తా, తొండియార్‌పేటలో రెండు గదుల ఇల్లు, ఎన్ని తరాల కింద ఎవరు నెల్లూరు వైపు నుంచి వచ్చారో ఆయనకే సరిగ్గా తెలియదు కానీ ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడాలి. కూతుర్ని తమిళ బడిలో వేశాడు, ఇంటికి దగ్గరని. కాలేజీలో చేర్చేటప్పుడు మాత్రం ఫారం లాక్కుని మొదటి భాష దగ్గర తెలుగు అని తనే రాశాడు. "మన భాష మనమే తీసుకోకుంటే ఎవురు తీసుకుంటారు?" అన్నాడు. ఆయన సంతోషం ఆయనది. ఆమెకు తెలుగులో అలగడం వచ్చు, పోట్లాడటం వచ్చు, జోలపాట వచ్చు, రాయడం రాదు. పదిహేడేళ్ళ వయసులో తలుపు వేసుకుని అ ఆలు దిద్దింది. తమిళంలో క ఒక్కటే, ఎక్కడ క అనాలో ఎక్కడ గ అనాలో నోటికే తెలుసు, ఇక్కడ దానికి నాలుగు, పకు నాలుగు, పైగా కింద వత్తులు. ఒకసారి 'భాష' అనడానికి 'పాష' అని రాసింది, మేడం ఆ కాగితం ఎత్తి క్లాసంతటికీ చూపించింది, ఆంధ్రా నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు పైటలు నోట్లో కుక్కుకుని నవ్వారు. మిగిలిన పేపర్లన్నీ గట్టెక్కాయి, చరిత్రలో అరవై దాటాయి, తెలుగు రెండో పేపరు ఒక్కటే అరియరు, తప్పి మిగిలిపోయింది. ఎవరికైనా ఇంగ్లీషు తప్పుతుంది, లెక్కలు తప్పుతాయి. ఇంట్లో మాట్లాడే భాషలో తప్పింది తను.

ఏప్రిల్లో మళ్ళీ రాసింది, మేలో పెళ్ళి, జూన్లో రిజల్టు. పత్రిక మాత్రం మార్చిలోనే అచ్చుకు వెళ్ళింది. ఆ ప్రెస్సు తొండియార్‌పేటలోనే, ఒక సందులో, సిరా వాసన, పెట్రోమాక్సు లైటు, అచ్చులు పేర్చే ముసలాయన తల ఎత్తకుండానే "పొణ్ణు ఎన్న పడిచ్చిరుక్కు?" అని అడిగాడు, పిల్ల ఏం చదివిందని. నాన్న ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో ఆమె వైపు చూశాడు, ఆమె కూడా చూసింది, ఏదో ఒకటి అనవలసింది, ఇంకా రాయాలి నాన్నా అని అనవలసింది, అనలేదు, పెళ్ళికొడుకు గిరి బి.కాం. అని అప్పటికే పైన పేర్చి ఉంది. "బి.ఏ." అన్నాడు నాన్న. ముసలాయన పెట్టెలోంచి ఒక అక్షరం తీశాడు, ఒక చుక్క తీశాడు, ఇంకో అక్షరం, ఇంకో చుక్క. బయటికి వచ్చాక నాన్న అన్నాడు, "ఎట్లాగూ పాసవతావు, మూడు నెలలు ముందు అచ్చు వేస్తే తప్పేముండాది?" తప్పేముంది అని తనూ అనుకుంది. ఆ రెండు అక్షరాలూ సీసంతో చేసినవి, గోరంత ఉంటాయేమో, నలభై ఆరేళ్ళుగా మోస్తోంది.

రెండో డాన్సు. చప్పట్లు కొట్టాలి కదా, కొట్టింది. పంకజం కూడా కొడుతోంది, అరచేతులు గరుకుగా తగిలిన చప్పుడు, పప్పు రుబ్బిన చేతులు. రిజల్టు రోజు ఆ చేతుల్లో కాఫీ గ్లాసులున్నాయి. అత్తగారింట్లో హాల్లో బెంచీ మీద పేపరు పరిచి అందరూ మూగారు, మామ, అత్త, గిరి, పాసైనవాళ్ళ నంబర్లు చీమల బారుల్లా పేజీ నిండా. ఆమె నంబరు నాలుగు వేల నూట ఇరవై ఏడు. నాలుగు వేల నూట ఇరవై ఆరు ఉంది, దాని తర్వాత ఇరవై తొమ్మిది. "ఉండాదా?" అంది అత్త, చక్కెర డబ్బా ఒళ్ళో పెట్టుకుని. అలివేలు వేలు పెట్టింది, ఇరవై ఆరు మీద. ముందు బెంచీలో కూర్చునే సన్నజడ పిల్ల నంబరు అది, పేరు గుర్తులేదు, ఆ పిల్ల నంబరు దొంగిలించి అత్త చేత చక్కెర తిన్నది. వెనక నిలబడి చూస్తున్న పంకజం అందరికీ కాఫీ గ్లాసులు అందించింది. ముందురోజు సామాను సర్దుతుంటే హాలు టికెట్టు పెట్టెలోంచి జారిపడితే, "ఇది పోనీబాకు, జాగర్తగా పెట్టుకో" అని తీసిచ్చింది ఆమే. తమిళం రాకపోయినా అంకెలు అంకెలే కదా. ఈ సంగతి అలివేలుకు అప్పుడప్పుడూ తట్టేది, తట్టినప్పుడల్లా తోసేసేది, ఆమె ఎక్కడ చూసి ఉంటుంది, గ్లాసులు చూసుకుంటూ ఉంటుంది.

సెప్టెంబరులో నాన్న ఫారం పట్టుకుని వచ్చాడు, మళ్ళీ రాయడానికి, చొక్కా లోపల దాచుకుని, దొంగసరుకు తెచ్చినవాడిలా. అదే వారం అత్త వీధి వీధికీ చెప్పుకొచ్చింది, "మా చిన్నకోడలు నెల తప్పింది" అని. ఆమెకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఒకే మాట. నెల తప్పితే అరిసెలు వండుతారు, పేపరు తప్పితే నోరు మూసుకోవాలి. "కాన్పు అయినాక రాస్తాలే నాన్నా" అంది. కాన్పు అయింది, బాబు పుట్టాడు, తర్వాత ఇంకో కాన్పు, నాన్న ప్రతి ఏడూ ఒకసారి కంటితో అడిగేవాడు, తర్వాత అడగడం మానేశాడు, తర్వాత పోయాడు. అత్తకు మాత్రం ఆ బి.ఏ. నగలాంటిది, పేరంటానికి పోతే పెట్టుకుని పోయేది. "మా చిన్నది బి.ఏ., పెద్దదే పాపం, బస్సు బోర్డు కూడా చదవలేదు." ఎవరైనా వింటూ ఉండగా అనేది, పంకజం వింటూ ఉండగా అనేది. అది నిజమే, పంకజం బస్సు బోర్డు చదవలేదు, రేషను కార్డు చదవలేదు, బోర్డులన్నీ తమిళంలో ఉంటే ఎట్లా చదువుతుంది, బయటికి పోవాలంటే అలివేలు చెయ్యి పట్టుకుని పోయేది. అదే మనిషి పచారీ కొట్టులో పొట్లాం కట్టిన తెలుగు పేపరు ముక్క దొరికితే ఇంగువ దులిపి, మడతలు సాపు చేసి, మొదలూ చివరా లేని కథ అయినా సరే నిలబడి చదివేసేది. అలివేలు చూసేది. చూసి, "పొయ్యి మీద పాలు" అనేది. పాలు పొంగకపోయినా అనేది.

ఇంకా ఉంది, దాచితే దాగేది కాదు. పంకజం పిల్లలను బడిలో చేర్చినప్పుడు ఫారాలు నింపింది అలివేలే, చదువుకున్నది కదా. తల్లి పేరు, పంకజం. తల్లి విద్యార్హత. అక్కడ కలం ఆగింది. పంకజం పక్కనే కూర్చుని పిల్లవాడి ముక్కు తుడుస్తోంది, అడగవచ్చు, అడగక్కరలేదు కూడా, తెలుసు. ఎస్.ఎస్.ఎల్.సి. అని రాయడానికి ఎంతసేపు. ఒక గీత గీసింది, అడ్డంగా, చిన్న గీత. ఇద్దరు పిల్లలకూ రెండు గీతలు. ఎందుకు గీశావని ఆ రోజు ఎవరైనా అడిగితే జవాబు చెప్పలేకపోయేది, ఇవాళ చెప్పగలదు. ఇంట్లో తెలుగు చదవడం వచ్చిన మనిషి ఒకరున్నారని నలుగురికీ తెలిస్తే, తెలుగులో బి.ఏ. దాకా చదివినామె చదవదేమని అడుగుతారు. అందుకు ఆ మనిషిని గీత కింద పెట్టింది. శ్రీప్రియ బూడిదరంగు ఇప్పుడు వేసింది కానీ, మొదట పూసింది తను.

"తాగు" అని పంకజం నీళ్ళ సీసా అందించింది. "ఏమట్లా చెమట పోస్తుండాది నీకు? ఏసీ ఉండాది కదా." నీళ్ళు తాగి సీసా తిరిగి ఇచ్చింది. రుబ్బురోలు. ఆ సంగతి తలచుకోకూడదనుకుంటూనే ఉంది ఇందాకటి నుంచి, కానీ పంకజం గొంతు విన్నా, చెయ్యి చూసినా చివరికి అక్కడికే పోతుంది మనసు. ఎనభై మూడో ఏడు, ఆడి నెల, మన ఆషాఢం, గాలి. కార్పొరేషన్ వారి తెలుగు బడి హెడ్మాస్టరు ఆరోగ్యసామి ఇంటికి వచ్చాడు, తెల్ల పంచె, చేతిలో గొడుగు. వీధి అరుగు మీద పంకజం చుట్టుపక్కల పిల్లలకు బలపంతో అక్షరాలు దిద్దించడం దారినపోతూ ఆయన చూశాడట, పలకమని చెప్పే తీరు బాగుందట. ఒకటో తరగతికి మనిషి కావాలి, ఎస్.ఎస్.ఎల్.సి. చాలు, ట్రైనింగు వాళ్ళే ఇప్పిస్తారు. మామ ఆయనకు మజ్జిగ ఇప్పించి, కాసేపు మీసం దువ్వుకుని, అలివేలును పిలిచాడు. "నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్పమ్మా, పెద్దది ఈ పని చేయగలదా?" లోపల పెరటి వసారాలో పంకజం ఇడ్లీ పిండి రుబ్బుతోంది, గుర్రు గుర్రుమని రాయి చప్పుడు. ఒక్క మాట చాలు. చేయగలదు మామా. అంతే. కానీ ఆ మాటకు ముందు అలివేలు కళ్ళకు కనబడింది ఏమిటంటే, పంకజం సాయంత్రం బడి నుంచి పుస్తకాలు మోసుకుని రావడం, హాల్లో కూర్చుని దిద్దడం, "అలివేలూ, నువ్వూ నాలుగు దిద్దు, చేయి సాయం" అనడం. "అక్కకు తమిళం ఒక్కక్షరం రాదు మామా" అంది. "ఈడ పిలకాయలు అరవం కలిపి మాట్లాడతారు. ఆమె తట్టుకోలేదు. నగుబాటు అవతాది, మనకే." మామ తల ఊపాడు. ఆరోగ్యసామి మజ్జిగ గ్లాసు కింద పెట్టి గొడుగు తీసుకున్నాడు. ఆ మాటలు అంటున్నప్పుడు రుబ్బురోలు చప్పుడు ఆగిందా, ఆగలేదా? నలభై రెండేళ్ళు. కొన్నిసార్లు ఆగినట్టే అనిపిస్తుంది, ఒక్క తిప్పుడు ఆగి మళ్ళీ మొదలైనట్టు. కొన్నిసార్లు ఆగనే లేదనిపిస్తుంది. మర్నాడు ఇడ్లీలు మెత్తగానే ఉన్నాయి. పంకజం అడగలేదు, తను చెప్పలేదు, ఆ వీధి పిల్లలు కొన్నాళ్ళకు అరుగు మీదికి రావడం మానేశారు.

మూడో డాన్సు కూడా అయిపోయినట్టుంది. చేతిసంచి తెరిచి నాలుగుగా మడిచిన కాగితం చూసుకుంది, వేదిక మీద మాట్లాడవలసిన ఐదు వాక్యాలు, మాట తెలుగు, లిపి తమిళం, అందరికీ నమస్కారం, ఈ సన్మానం నాది కాదు మన ఆడవాళ్ళందరిది, ఇట్లా. అబద్ధాన్ని తమిళ అక్షరాల్లో తెలుగులో రాసుకొచ్చింది, రెండు భాషలకూ సమానంగా ద్రోహం. ముక్కు మీది కళ్ళజోడు జారుతోంది, పైకి నెట్టింది. కళ్ళజోడు ఎంత ఉపకారం చేసిందో. ఎవరింటి శుభలేఖైనా తెలుగులో వచ్చి చేతికిస్తే, "కళ్ళజోడు ఆడెక్కడో పెట్టినాను" అనేది, ముప్పై ఏళ్ళప్పుడే అనేది, అప్పటికి కళ్ళజోడే లేదు. ఆమె అలా అన్న ప్రతిసారీ పంకజం ఎక్కడి నుంచో తడిచేతులతో వచ్చి, "ఏదీ, నేను చూస్తా" అని పత్రిక తీసుకుని పైకి చదివేది, ముహూర్తం, ఊరు, పేర్లు, అన్నీ, గట్టిగా, తనకోసం చదువుకున్నట్టు. ఈమెకు చదవడం పిచ్చి అనుకునేది అలివేలు. పొట్లాం కాగితం కూడా వదలని మనిషి కదా.

"ఇప్పుడు మన సంఘంలో మొట్టమొదటి బి.ఏ., శ్రీమతి అలివేలుమంగ అమ్మగారు." మూడు మెట్లు. కాళ్ళు ఎక్కాయి. కోదండరాం ఎర్ర శాలువా కప్పాడు, చప్పట్లు, ఫోటోలు, శ్రీప్రియ చంకలో లాప్‌టాప్‌తో నవ్వుతూ పక్కన నిలబడింది. కోదండరాం ఫ్రేము కట్టిన సన్మాన పత్రం చేతిలో పెట్టి, మైకు కూడా చేతికిచ్చి, "అమ్మా, దీన్ని నెల్లూరు పంతులు ఒకాయన దగ్గర రాయించినాము, మంచి తెలుగు. మా పిలకాయలకు ఇంత తెలుగు చదవను రాదు, నాకూ అంతంత మాత్రమే. మీ నోటనే వింటే బాగుంటాది" అన్నాడు. గాజు కింద అక్షరాలు, చుట్టూ బంగారు రంగు లతలు. మొదటిది శ్రీ, అది తెలుసు. తర్వాతది మకు దగ్గరగా ఉంది, మ కావచ్చు, య కావచ్చు, దాని కింద ఏదో వేలాడుతోంది. మూడు వందల మంది. ఏసీ చప్పుడు. ఎవరో దగ్గారు. నాలుక మీదికి ఆ పాత మాట తనంతట తనే వచ్చి కూర్చుంది, కళ్ళజోడు, అనబోయింది, ఇంకా అననే లేదు, ముందు వరసలో పంకజం లేచి నిలబడింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, "అలివేలూ, నీ కళ్ళజోడు మార్చాలన్నాడు కదా డాక్టరు, ఉండు, నేను చదువుతా" అంటూ మెట్లెక్కి వస్తోంది, ఒక్కో మెట్టూ నెమ్మదిగా. ఏ డాక్టరూ ఏమీ అనలేదు. ఇన్నేళ్ళూ తడిచేతులతో వచ్చి పత్రికలు లాక్కున్నది చదవడం పిచ్చితో కాదు. ఇరవై ఆరు మీద వేలు పెట్టిన రోజు నుంచీ ఈ మనిషికి అంతా తెలుసు.

సిగ్గుతో చెవులు మండిపోయాయి. ఫ్రేము పంకజం చేతిలో పెట్టింది. పంకజం గొంతు సవరించుకుని చదివింది, ఎక్కడా తడబడకుండా, వత్తులన్నీ వత్తుల్లా, దీర్ఘాలన్నీ దీర్ఘాల్లా, ఆ హాల్లో అంత తెలుగు విని ఎన్నాళ్ళయిందో, ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు తలలెత్తారు. నాలుగో వాక్యంలో 'ప్రథమ పట్టభద్రురాలు' దాకా వచ్చి ఆగింది. అక్కడ ఆగవలసిన పని లేదు. తల ఎత్తి అలివేలు వైపు చూసింది, చదవమంటావా అన్నట్టు.

"నా కళ్ళజోడు బాగానే ఉండాది" అంది అలివేలు మైకులో. గొంతు తనది కానట్టు పెద్దగా వినిపించింది. "నాకు తెలుగు చదవడం రాదు. తెలుగు పేపరు తప్పినాను. మళ్ళీ రాయలేదు. పత్రికలో వేసింది రిజల్టు రాకముందే వేసినారు. నేను బి.ఏ. కాదు. ఆ బోర్డులో బూడిదరంగులో వేసినారే ఈమెను, ఈమె ఎస్.ఎస్.ఎల్.సి. పాసు." తర్వాత ఎవరో మూలన చప్పట్లు కొట్టారు, ఒకరి తర్వాత ఒకరు, ఇందాకటి కంటే గట్టిగా, "ఎంత పెద్ద మనసు" అన్నాడు కోదండరాం కళ్ళు తుడుచుకుంటూ. అదీ సంగతి. నిజం చెబితే ఇంకో శాలువా కప్పేట్టున్నారు. ఆ చప్పట్ల కింద నిలబడితే సిగ్గు తగ్గలేదు సరికదా, రుబ్బురోలు చప్పుడు ఇంకా పెద్దదైంది. చెప్పింది చిన్నది. పెద్దది ఇంకా గొంతులోనే ఉంది.

శ్రీప్రియ ఫ్లెక్సీ దగ్గరికి పరిగెత్తింది, మార్కరు మూత తీసి, "సారీ పాటీ, బ్లాంక్ ఉంటే జీరో అని ఎంట్రీ చేసేసినా. ఏ ఇయర్ పాసు?" అంది. అలివేలు నోరు తెరిచింది. తెలియదు. ఒకే కప్పు కింద నలభై ఆరేళ్ళు, ఏ ఏడు పాసయిందో, ఎన్ని మార్కులో ఒక్కనాడూ అడగలేదు. పంకజమే చెప్పింది, "డెబ్బై. నాయుడుపేట హైస్కూల్లో. తెలుగులో ఎనభై రెండు." అడగని తెలుగు మార్కులు కూడా చెప్పింది, ఎన్నాళ్ళ నుంచో ఎవరైనా అడుగుతారని అట్టే పెట్టుకున్నట్టు. శ్రీప్రియ కళ్ళు పెద్దవి చేసింది. "అప్పురం ఏన్ పాటీ, మరి ఎందుకు, ఇంత చదివి ఉద్యోగానికి పోలేదు?"

"ఒకతూరి అడగను వచ్చినారమ్మా, స్కూలు నుంచి" అంది పంకజం. ఫ్రేము బల్ల మీద పెట్టి, అలివేలు భుజం మీద నుంచి జారిపోతున్న శాలువాను పైకి లాగి సర్దుతోంది, పిల్లకు బొత్తాలు పెట్టే తల్లిలా, మాట మీద పెద్ద ధ్యాస లేకుండా. "మా మామకు ఇష్టం లేకపోయె. ఆ కాలం అట్లాంటిది."

ఇక్కడ ఊరుకోవచ్చు. మామ పోయి ఇరవై ఏళ్ళు, ఆరోగ్యసామి ఏనాడో పోయాడు, ఆ మాట విన్నవాళ్ళు భూమ్మీద ఎవరూ లేరు, తను తప్ప. చప్పట్లు కూడా కొట్టేశారు, ఇంక భోజనాలకు లేవడమే, వంటశాల నుంచి సాంబారు వాసన వస్తోంది.

"మామ కాదక్కా" అంది అలివేలు. "ఆయన నన్ను అడిగినాడు. నువ్వు చేయలేవని చెప్పింది నేను."

మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది, మాటలు హాలు చివరి దాకా పోయాయి. భుజం మీద శాలువా సర్దుతున్న పంకజం చెయ్యి ఆగింది. ఈసారి ఆగిందో లేదో అన్న సందేహం అలివేలుకు లేదు.